పేజీ తిప్పే కుర్చీ

ఆర్కెస్ట్రా క్లాసులో చేరిన పిల్లల చేత నేను మొదటి వారం కొనిపించేది పెన్సిలు. స్టాండు మీద పెన్సిలు లేకపోతే ఎంత బాగా వాయించినా ఆ రోజు నా దగ్గర మార్కు తెగుతుంది. ఎందుకంటారా? ఫస్ట్ వయొలిన్లు పన్నెండు మంది ఉంటే పన్నెండు కమానులూ ఒకేసారి కిందికి రావాలి, ఒకేసారి పైకి పోవాలి. ఎక్కడ డౌన్‌బో, ఎక్కడ అప్‌బో అన్నది సెక్షన్ లీడరు తేలుస్తుంది. ఆ నిర్ణయం ఆఖరి డెస్కు (ఒక స్టాండు పంచుకునే జంట) దాకా నిమిషంలో పాకాలి, ప్రతి కాయితం మీదా గుర్తు పడాలి. "నాకు గుర్తుంటుంది మిస్" అంటారు పిల్లలు. నీకు గుర్తుంటుంది నాయనా, రేపు నీకు జ్వరమొస్తే నీ కుర్చీలో కూర్చునేవాడికి ఎలా గుర్తుంటుంది?

విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, పెళ్లయి డాలస్ వచ్చి, ఇక్కడ మళ్లీ కాలేజీలో చేరి మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ చదివి, శివార్లలో ఒక పబ్లిక్ హైస్కూల్లో ఆర్కెస్ట్రా డైరెక్టరుగా కుదురుకున్నదాన్ని. క్లాసులో నేను 'మిస్'ని. శనివారం గుళ్లో ఎదురుపడితే అదే పిల్లలకి 'ఆంటీ'ని. ఆ గుడి మెట్ల మీదే తల్లిదండ్రులు నన్ను పట్టుకుని అడుగుతారు: "ఈ ఆర్కెస్ట్రా వల్ల మావాడికి ఏం ఒరుగుతుందండీ?" నా జవాబు ఎప్పుడూ ఒకటే, వాళ్లకి నచ్చనిదే. మీవాడు ముందు కుర్చీలో కంటే వెనక కుర్చీలో కూర్చుంటేనే ఎక్కువ ఒరుగుతుంది. ఇది ఈ పనిలోకి కొత్తగా వచ్చే టీచర్ల కోసం రాస్తున్నాను. తల్లిదండ్రులు పక్కన నిలబడి విన్నా అభ్యంతరం లేదు.

ముందు ఒక సంగతి. ఇక్కడ ఆర్కెస్ట్రా అంటే సాయంత్రం పూట కాలక్షేపం కాదు. లెక్కలు, సైన్సులాగే టైమ్‌టేబుల్లో దానికో పీరియడు ఉంటుంది, గ్రేడు ఉంటుంది. టెక్సస్‌లో చాలాచోట్ల ఆరో తరగతిలో పిల్ల చేతికి వాయిద్యం ఇస్తారు. హైస్కూలు గడప తొక్కేసరికి మూడేళ్లు చేయి తిరిగి ఉంటుంది. 1926లో జోసెఫ్ మ్యాడీ అనే సంగీత ఉపాధ్యాయుడు దేశం నలుమూలల నుంచి హైస్కూలు పిల్లల్ని డెట్రాయిట్‌లో పోగుచేసి, సంగీత పర్యవేక్షకుల మహాసభ ముందు పెద్ద ఆర్కెస్ట్రా వాయింపించాడు. రెండేళ్లకి మిషిగన్‌లో ఇంటర్‌లాకెన్ అనే చోట వేసవి శిబిరం మొదలుపెట్టాడు. పిల్లలు పెద్దవాళ్ల సంగీతం వాయించగలరన్న ధీమా ఇక్కడి స్కూళ్లకి పట్టుకోవడంలో ఆయన చేయి చాలా ఉంది.

నాకు మాత్రం ఇదంతా కొత్త. 1919లో విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా వేసుకున్న కాలేజీ మాది. ఆ గర్వంతో వచ్చాను. కానీ నేల మీద కూర్చుని, వయొలిన్ తలని కుడి చీలమండకి ఆనించి వాయించే మనిషిని కుర్చీ అంచున కూర్చోబెట్టి, దాన్ని గడ్డం కింద ఇరికించుకోమంటే ఎలా ఉంటుందో ఊహించండి. మన తీగల శ్రుతి స-ప-స-ప. వీళ్లది జి-డి-ఎ-ఇ. వీళ్లకి ఏ రెండు పక్క తీగల మధ్య అయినా పంచమం దూరమే. మనకి రెండో తీగ నుంచి మూడో తీగకి మధ్యమం దూరమే. కాబట్టి సగం తీగల మీద నా వేలు అలవాటు చొప్పున వెళ్లిన చోట ఉండాల్సిన స్వరం ఉండేది కాదు. అన్నిటికంటే కష్టం, గమకం లేకుండా ఉండటం. ఎడమ చేయి ఊరికే ఉండదు కదా! ఒక స్వరం మీద నిలబడమంటే నిలబడదు, ఊగుతుంది.

అప్పుడు నేను చేరిన స్కూల్లో హెడ్ డైరెక్టరు టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ. మూడు తరాల పిల్లలకి పాఠం చెప్పిందని ఊళ్లో పేరు. నా డిగ్రీ కాయితాలు పక్కన పెట్టి, నన్ను తీసుకెళ్లి సెకండ్ వయొలిన్లలో ఆఖరి డెస్కులో, ఒక తొమ్మిదో తరగతి పిల్ల పక్కన కూర్చోబెట్టింది. "ఒక సెమిస్టరు ఇక్కడ కూర్చో. తర్వాత పోడియం ఎక్కుదువుగాని" అంది. నాకు ఉక్రోషం వచ్చింది. కచేరీలు చేసినదాన్ని! కానీ ఆ సెమిస్టరులో నేర్చుకున్నదే ఈ రోజుకీ నాకు అన్నం పెడుతోంది.

ఆఖరి డెస్కులో మొదట తెలిసే విషయం, అక్కడ చెవిని నమ్ముకుంటే వెనకబడిపోతాం. ముందు వరస ధ్వని మన దాకా వచ్చేసరికి రవ్వంత ఆలస్యం. దాన్ని విని మనం వాయిస్తే ఇంకో రవ్వ ఆలస్యం. అందుకని కంటితో ముందు డెస్కు కమానుని పట్టుకోవాలి. ఆ కమాను తీగ మీద దిగేటప్పుడే మనదీ దిగాలి. చెవి ఆ తర్వాత పని చేస్తుంది, శ్రుతి కలిసిందా లేదా, మన ధ్వని పక్కవాళ్ల మీద పడి అణిచేస్తోందా అని చూసుకోవడానికి. నేను వినపడుతున్నానంటే ఎక్కువ వాయిస్తున్నట్టు. నేను అసలు వినపడకపోతే ఊరికే కమాను ఊపుతున్నట్టు. ఈ రెంటికీ మధ్య ఒక సన్నని చోటు ఉంది. అది దొరికిన పిల్ల ఎక్కడికెళ్లినా బతికేస్తుంది.

స్టాండు సంగతి కూడా చెప్పాలి. ఇద్దరికి ఒక స్టాండు, ఒక కాయితం. ప్రేక్షకుల వైపు కూర్చున్నది అవుట్‌సైడ్ చైర్, లోపలివైపుది ఇన్‌సైడ్ చైర్. పేజీ తిప్పాల్సింది ఇన్‌సైడువాళ్లే. తిప్పేటప్పుడు వాళ్ల వాయింపు ఆగుతుంది, పక్కవాళ్లది సాగుతుంది. ఎప్పుడు ఆపాలి, పేజీ మూల ఎప్పుడు పట్టుకోవాలి, చప్పుడు లేకుండా ఎలా వెయ్యాలి, మళ్లీ ఏ మాత్ర మీద అందుకోవాలి, ఇదంతా ఒక విద్య. పేజీ కింది మూల చిన్న మడత పెట్టుకోమని నేను చెబుతాను. చెమట వేళ్లకి అది ప్రాణం. మన తెలుగు తల్లులకి ఈ కుర్చీ అంటే గిట్టదు. "మావాడు పేజీలు తిప్పడానికా వచ్చింది?" అని ఒకావిడ నిలదీసింది కూడా.

ఒక వసంతకాలపు కచేరీలో ఏం జరిగిందో చెబుతాను. మా కాన్సర్ట్‌మాస్టరు, అంటే ఫస్ట్ వయొలిన్లలో మొదటి కుర్చీ పిల్ల, మంచి ఊపులో ఉండగా ఇ తీగ తెగింది. చెంపదెబ్బ కొట్టినట్టు చప్పుడు. పక్కనున్న ఇన్‌సైడ్ పిల్లాడు క్షణం ఆలోచించలేదు, తన వయొలిన్ ఆమె చేతిలో పెట్టి, తెగినదాన్ని తీసుకున్నాడు. వెనకకి తిరిగి రెండో డెస్కుకి ఇచ్చాడు. రెండో డెస్కులోని పిల్ల తనది అతనికిచ్చి, తెగినదాన్ని మూడో డెస్కుకి పంపింది. అలా బాగున్నవి ముందుకీ, తెగినది వెనక్కీ నడిచి, ఆఖరి డెస్కు పిల్లాడి ఒళ్లోకి చేరింది. వాడు వంగుని స్టేజీ పక్కకి దిగి, కొత్త తీగ బిగించి, శ్రుతి చేసుకుని, వాయింపు చివరి భాగానికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కొత్త తీగ సాగుతుంది, నిమిషానికోసారి శ్రుతి జారుతుంది. కాబట్టి దాన్ని ముందుకి పంపకుండా తన దగ్గరే ఉంచుకుని, ప్రతి విరామంలో వేలితో మీటి సరిచేసుకుంటూ వాయించాడు. ఇది పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో పాటించే మర్యాద. క్లాసులో ఒకసారి మాటవరసకి చెప్పానంతే. కచేరీ అయ్యాక వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "మధ్యలో మావాణ్ణి స్టేజీ దింపేశారేంటండీ, వీడియోలో అసలు కనపడట్లేదు" అంది. ఆ సాయంత్రం మొత్తంలో గొప్ప పని చేసింది మీవాడేనండీ అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

సెకండ్ వయొలిన్లూ, వయోలాలూ విసుగెత్తిపోయే సంగీతం ఒకటుంది, వాల్ట్జ్. స్ట్రాస్ వాల్ట్జుల్లో బేస్ వాళ్లు 'ఒకటి' అంటారు, వీళ్లు 'రెండు, మూడు' అంటూ పేజీల తరబడి అదే రెండు దెబ్బలు వేస్తూ పోవాలి. రాగమంతా ఫస్ట్ వయొలిన్లది. పిల్లలు మొహాలు వేలాడేస్తారు. నేను చేసే చిట్కా: వారం రోజులు కాన్సర్ట్‌మాస్టరుని తీసుకెళ్లి సెకండ్లలో కూర్చోబెడతాను. మూడో రోజుకి ఆ పిల్లకి తెలుస్తుంది, పైన తను ఎంత ఊగినా కింద ఆ రెండు దెబ్బలు గట్టిగా లేకపోతే రాగం కూలబడుతుందని. తిరిగి తన కుర్చీలోకి వచ్చాక ఆమె వాయింపు మారుతుంది. తలకాయ అప్పుడప్పుడూ వెనక్కి తిరుగుతుంది. ఈ పద్ధతి నాది కాదు, మా పెద్దావిడ దగ్గర ఎత్తుకొచ్చిందే.

వయోలా గురించి ఇంకొంచెం మాట్లాడాలి, ఎందుకంటే నా పక్షపాతం అటే. వయోలా వయొలిన్ కంటే కాస్త పెద్దది, కింది తీగ సి దాకా వెళ్తుంది. నోట్స్ కూడా వేరే క్లెఫ్‌లో ఉంటాయి. ఎవరూ కోరి తీసుకోరు. సాధారణంగా చేతులు పొడుగున్న పిల్లల్ని బుజ్జగించి మారుస్తాం. అయితే ఒక శ్రుతి సంగతి ఉంది, అది నాకు టెక్సస్‌లో కాదు, విజయనగరంలో తెలిసింది.

మా మాస్టారు పాఠానికి ముందు చాలాసేపు తంబురా మీటుతూ కూర్చోబెట్టేవారు. "స్వరం వాయించకు, విను. మంద్ర తీగలోంచి గాంధారం పుడుతుంది, దొరికిందా?" అనేవారు. చాలా రోజులు నాకేమీ దొరకలేదు. ఒకరోజు దొరికింది. ఎవరూ మీటకుండానే తీగ ఝంకారంలోంచి అంతర గాంధారం తేనెలా కారుతోంది. స్వయంభూ గాంధారం అంటారు దాన్ని. అది షడ్జం తీగలోని అయిదో అనుస్వరం.

ఇక్కడ డి మేజర్ కార్డ్ వాయించేటప్పుడు చెలోలూ బేస్‌లూ డి పట్టుకుంటారు, సెకండ్ వయొలిన్లు ఎ. మధ్యలో ఎఫ్ షార్ప్ తరచుగా వయోలాలకి వస్తుంది. అంటే అది మన గాంధారమే. పిల్లలు ఫోన్లో ట్యూనర్ పెట్టుకుని సూది సరిగ్గా మధ్యలో నిలిచేట్టు వాయిస్తారు. అయినా కార్డ్ గరగరలాడుతుంది. ఎందుకంటే సూది చూపేది పియానో లెక్క. స్వయంభూ గాంధారం దానికి దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది, సెంటంటే అర్ధస్వరంలో నూరో వంతు. కాబట్టి ఫోన్ బ్యాగులో పడెయ్యమంటాను. చెలోలని ఒక్క డి పట్టుకోమని, వయోలాలని ఎఫ్ షార్ప్ మీద నుంచి నెమ్మదిగా వేలు వెనక్కి దొర్లించమంటాను. దొర్లుతూ దొర్లుతూ ఒకచోటికి రాగానే గరగర ఆగి గదంతా మోగుతుంది. పిల్లలు ఉలిక్కిపడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చోటు పుస్తకంలో ఉండదు, సూది చూపదు. మిగతావాళ్లు ఎక్కడున్నారో వింటే గాని మన స్వరం ఎక్కడుండాలో తెలియదు. నేను తల్లిదండ్రులకి చెప్పే లాభమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది గాని, గుడి మెట్ల మీద నిలబడి 14 సెంట్ల గురించి ఎలా చెప్పను?

మా స్కూలుకి మొదటిసారి స్వీప్‌స్టేక్స్ వచ్చిన ఏడాది కథ కూడా వినండి. టెక్సస్‌లో ప్రతి వసంతకాలం స్కూళ్లకి యూఐఎల్ అనే సంస్థ నడిపే సంగీత పోటీలు జరుగుతాయి. ముందు స్టేజీ మీద సాధన చేసిన రచనలు వాయించాలి, ముగ్గురు జడ్జీలు. తర్వాత మరో గదిలోకి తీసుకెళ్లి ఎన్నడూ చూడని కాయితం ఇస్తారు, అక్కడ వేరే ముగ్గురు. ఒకటి నుంచి అయిదు దాకా రేటింగు, ఒకటి అన్నింటికంటే మేలు. రెండు చోట్లా ఒకటి వస్తేనే స్వీప్‌స్టేక్స్.

ఆ ఏడాది స్టేజీకి హోల్‌స్ట్ రాసిన 'సెయింట్ పాల్స్ సూట్' పెట్టాం. హోల్‌స్ట్ ఎవరనుకున్నారు, మనలాంటి బడి మాస్టారే. 1905 నుంచి 1934లో పోయేదాకా లండన్‌లోని సెయింట్ పాల్స్ ఆడపిల్లల స్కూల్లో సంగీతం చెప్పాడు. ఈ సూట్ ఆ స్కూలు ఆర్కెస్ట్రా కోసమే రాశాడు. సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలని తానే ఇంగ్లీషులోకి తెచ్చుకుని బాణీలు కట్టిన మనిషి కూడా. స్కూలు పిల్లలకి రాశాడు కాబట్టి తేలికనుకుంటే పొరపాటే. ఆఖరి భాగంలో ఒక పాత నృత్యపు బాణీ గిరగిర తిరుగుతూ ఉంటుంది, ఒక్కో మాత్రకి మూడేసి చొప్పున ఆవృత్తానికి ఆరు అక్షరాలు. అది నడుస్తుండగానే చెలోలు 'గ్రీన్ స్లీవ్స్' అందుకుంటాయి. అవే ఆరు అక్షరాలు, కానీ రెండేసి చొప్పున మూడు మాత్రలు. సరిగ్గా అక్కడ మా పిల్లలు రోజూ కుప్పకూలేవారు. చెలోలు వయొలిన్ల వైపు జారేవి, లేకపోతే వయొలిన్లు చెలోల వైపు.

చేతులతో లెక్క చూపించాను, నోటితో లెక్క చెప్పాను. లాభం లేదు. చివరికి వాయిద్యాలు కింద పెట్టించి, వయొలిన్ల చేత 'తకిట తకిట' అనిపించాను. చెలోల చేత 'తక తక తక'. ముందు విడివిడిగా, తర్వాత కలిపి, చప్పట్లతో. వియత్నామీ పిల్ల, మెక్సికన్ పిల్లాడు, మన గుంటూరు వాళ్ల అబ్బాయి, అందరూ తకిట తకిట. పది నిమిషాల్లో ఎవరి తాళం వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. తలుపు దగ్గర నిలబడి మా పెద్దావిడ అంతా చూసింది. మర్నాడు తన క్లాసులో తకిట వినపడింది. పలుకు కాస్త మొరటుగా ఉంది గాని తాళం మాత్రం నిక్కచ్చి.

స్టేజీ గట్టెక్కింది. రెండో గదిలో నేల నున్నటి పలక. చెలో కింద ఉండే ఇనుప ముల్లు జారకుండా అడ్డం పెట్టుకునే రబ్బరు బిళ్లని ఒక పిల్లాడు బస్సులో మర్చిపోయాడు. అక్కడ కాయితం తెరిచాక కాసేపు నేను వివరించవచ్చు, పిల్లలు గాల్లో వేళ్లు ఆడించుకోవచ్చు గాని వాయిద్యం పలకకూడదు. కమాను వేశారో లేదో చెలో ముందుకి జారడం మొదలెట్టింది. పక్క కుర్చీవాడు కాయితం మీంచి కన్ను తియ్యకుండా ఎడమ బూటు చాపి ఆ ముల్లుకి అడ్డం పెట్టాడు. కాలు అలా చాపుకునే మొత్తం రచన వాయించాడు, తన చెలోని ఒంటి మోకాలి మీద మోస్తూ. బూటు తోలులో గుంట పడింది. రేటింగు ఒకటి వచ్చింది. ఆ బూటు సంగతి జడ్జీలు రాసిన కాయితంలో లేదు.

శీతాకాలంలో చెయ్యాల్సిన పనులు త్వరగా చెప్పేస్తాను. గాలి పొడిబారితే బిరడాలు కుదించుకుపోతాయి, పొద్దున్నే పెట్టె తెరిస్తే తీగలన్నీ వదులు. అన్నిటినీ ఒకేసారి బిగించొద్దు, ఒక్కొక్కటే. బిరడాని లోపలికి నొక్కుతూ తిప్పాలి. నాలుగు తీగలూ పూర్తిగా వదులైతే లోపల సౌండ్ పోస్ట్ అనే పుల్ల పడిపోతుంది. దాన్ని మీరు నిలబెట్టాలని చూడకండి, దుకాణానికి పంపండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు మా వాయిద్యాల గది చూస్తే యుద్ధం జరిగినట్టుంది. కొత్త కమానుకి రోజిన్ పట్టకపోతే గాజుగడ్డలా ఉన్న ఆ రోజిన్‌ని గరుకు కాయితంతో ఓసారి రుద్దండి. కమాను వెంట్రుకలకి వేళ్లు తగలనివ్వకండి, వాయించాక వదులు చెయ్యడం మరవకండి.

ఆ కోవిడ్ ఏడాదే ఇంకోటి కూడా చూశాం. ఆన్‌లైన్లో ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి కలిసి వాయించడం కుదరదు. పిల్లలందరూ మ్యూట్‌లో, ఎవరింట్లో వాళ్లు. పంపిన రికార్డింగులు ఒక్కోటి వింటే ముచ్చటగా ఉండేవి. కొందరు ముందుకంటే మెరుగయ్యారు కూడా. తిరిగి గదిలోకి వచ్చి మొదటి రచన ఎత్తుకుంటే, అందరూ సోలో కచేరీలు చేస్తున్నారు! ఎవరి కమాను వాళ్లది, ఎవరి ఊపిరి వాళ్లది. కలిసి ఊపిరి పీల్చి మొదలుపెట్టడం మళ్లీ అఆల నుంచి నేర్పాం.

ఇక పిల్లలు మానేసే కాలం గురించి. పదకొండో తరగతికి వచ్చేసరికి మన ఇళ్లలో లెక్కలు మొదలవుతాయి. చాలా డిస్ట్రిక్టుల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసుకి ఎక్కువ పాయింట్లు, ఆర్కెస్ట్రాకి మామూలు పాయింట్లు. ఆర్కెస్ట్రాలో నూటికి నూరు తెచ్చుకున్నా ర్యాంకు కిందికే లాగుతుంది. క్లాసులో మొదటి పది శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు గ్యారంటీ అని 1997లో టెక్సస్ చట్టం చేసింది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి ఆ గీత ఇంకా పైన. దాంతో ఒక్క ర్యాంకు కోసం వయొలిన్ పెట్టెకి తాళం పడుతుంది. తల్లిదండ్రులది పూర్తిగా తప్పనను. అలా లెక్కగట్టే పద్ధతిదే తప్పంటాను. పైగా 1984లో చేసిన ఇంకో నిబంధన ఉంది, ఏ మామూలు సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే పోటీలకి రానివ్వరు. కెమిస్ట్రీలో ఒక్కడు తప్పితే బేస్ సెక్షన్ మొత్తం కుంటుతుంది. అందుకని మా బేస్ పిల్లలు పరీక్షల ముందు ఒకడికొకడు కెమిస్ట్రీ చెప్పుకోవడం నేను కళ్లారా చూశాను. అది వాళ్ల మీద ప్రేమో, పోటీ మీద ప్రేమో అడగలేదు.

"మెదడుకి మంచిదటగా, లెక్కలు బాగా వస్తాయటగా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ఆశ చూపించి పిల్లల్ని చేర్చుకోవద్దని మీకు నా సలహా. చికాగో ప్రాంతపు హైస్కూళ్లలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. స్కూల్లో కలిసి సంగీతం నేర్చుకున్న పిల్లలనీ, సైనిక శిక్షణ క్లాసు తీసుకున్న పిల్లలనీ పోల్చారు. శబ్దానికి మెదడు స్పందించే తీరు సంగీతం పిల్లల్లో ఎక్కువ ఎదిగింది. అది చెవికి సంబంధించిన మాట, లెక్కల మార్కుల మాట కాదు. చెవి చాలదా? నాకైతే చాలు.

మా దగ్గర వాయించిన పిల్లల్లో సంగీతాన్నే బతుకుదెరువు చేసుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లు సాఫ్ట్‌వేర్, ఆసుపత్రులు, బ్యాంకులు. కానీ వయోలా పిల్లల్ని చూడండి! అమెరికాలో ఊరూరా పెద్దవాళ్లు సరదాగా నడుపుకునే కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలు ఉంటాయి, వాటికి వయోలాలు ఎప్పుడూ కొరతే. మా పాత విద్యార్థి ఒకడు ఉద్యోగం మారి ఏ ఊరు వెళ్లినా అపార్ట్‌మెంటు కంటే ముందు ఆర్కెస్ట్రా వెతుక్కుంటాడు. తలుపు తట్టి "వయోలా" అంటే చాలు మిస్, కుర్చీ లాగి వేస్తారు అంటాడు. కొత్త ఊళ్లో మొదటి స్నేహితుడు స్టాండు పక్కవాడేనట. చిన్నప్పుడు వాణ్ణి వయోలాకి మార్చినందుకు వాళ్ల నాన్న నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

మొన్నామధ్య మా పాత కాన్సర్ట్‌మాస్టరు పిల్ల ఒకామె పెళ్లికి వెళ్లాను. ఇక్కడి ఫంక్షన్ హాల్లోనే, అచ్చ తెలుగు పెళ్లి. ఒకపక్క సన్నాయి మేళం, ఇంకోపక్క ఆమెతో స్కూల్లో వాయించిన నలుగురు క్వార్టెట్‌గా కూర్చున్నారు. పెళ్లికూతురు మండపానికి వచ్చేటప్పుడు పాకెల్‌బెల్ 'కానన్' వాయించాలని ఏర్పాటు. చెలో వాయించేవాళ్లకి అదంటే ఒళ్లు మంట, మొదటి నుంచి చివరి దాకా అవే ఎనిమిది స్వరాలు 28 సార్లు. పెళ్లికూతురు ఆలస్యం చేసింది, వీళ్లు మళ్లీ మొదటికి వెళ్లారు. సన్నాయి పెద్దాయన కాసేపు చెవి ఒగ్గి విని, నా వైపు వంగి, "వీళ్లదీ రెండు శ్రుతేనామ్మా, మాదీ రెండే" అని, సన్నగా శంకరాభరణంలో ఒక పలుకు ఊదాడు. కానన్ డి మేజర్‌లోది. డి అంటే మన రెండు, డి మేజర్ అంటే ఆ శ్రుతికి శంకరాభరణమే. క్వార్టెట్ పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఎవరూ నోరు తెరవలేదు. ఫస్ట్ వయొలిన్ తన రాగం వదిలేసి సెకండ్ లైన్లోకి దిగింది, వయోలా సగం కమానుకి తగ్గాడు, చెలో ఆ ఎనిమిది స్వరాలు పట్టుకుని కదల్లేదు. పెద్దాయన నిలిచిన చోటల్లా వీళ్లూ నిలిచారు, ఆయన ఊపిరి తీసుకుంటే కాస్త నిండారు. డోలు ఆయన కూడా వేళ్లతో మొదలెట్టాడు. పెళ్లికూతురు వచ్చింది, పీటల మీద కూర్చుంది, అయినా వీళ్లు ఆపలేదు. చివరికి పురోహితుడు గారు మైకు అందుకుని "బాబూ, ముహూర్తం" అనాల్సి వచ్చింది. లెక్క 28 దాటి ఎంత దూరం పోయిందో ఎవరూ చెప్పలేకపోయారని చెలో పిల్లాడు భోజనాల దగ్గర కూడా గొణుగుతూనే ఉన్నాడు.